ఎవరినీ వదులుకోని బడి: బార్బియానా



గొప్ప పాఠశాల అనగానే మనకు పెద్ద పెద్ద భవనాలు, విశాలమైన ఆటస్థలాలు, వేల పుస్తకాలున్న గ్రంథాలయాలు కళ్ల ముందు కదులుతాయి. ఈ వ్యాసంలో నేను పరిచయం చేస్తున్న పాఠశాలకు అవేవీ లేవు. ఒక చర్చిని ఆనుకొని ఉన్న ఫాదర్ గారి ఇంట్లో రెండు గదులు, పక్కన పనిముట్లు పెట్టుకునే చోటు, వేసవిలో కూర్చోవడానికి ఆరుబయట ఒక పందిరి. అంతే. నడిచింది కూడా పదమూడేళ్లకు మించదు. అయినా ప్రపంచంలో విద్య గురించి ఆలోచించేవారు ఆ బడి పేరు ఈనాటికీ చెప్పుకుంటారు.

ఆ పేరు బార్బియానా. ఇటలీ దేశంలోని ఒక చిన్న కతోలిక విచారణ పాఠశాల. అక్కడి పిల్లలు వేసిన ప్రశ్న మన ప్రశ్న లాంటిదే. బడిలో చేరిన పేదింటి పిల్లవాడు మధ్యలోనే ఎందుకు మాయమైపోతాడు? తప్పు వాడిదా, బడిదా? ఈ ఒక్క ప్రశ్న కోసమే ఆ బడి చరిత్ర మనం తెలుసుకోవాలి.

కొండ మీది విచారణ

ఫ్లోరెన్స్ నగరం చిత్రకళకు, శిల్పకళకు ప్రపంచ ప్రసిద్ధి పొందింది. ఆ నగరానికి ఉత్తరాన ముజెల్లో అనే లోయ ప్రాంతం ఉంది. అందులో విక్కియో అనే చిన్న పట్టణం. దాని దగ్గర మోంటే జోవి అనే కొండ. ఆ కొండవాలున చెట్ల మధ్య ఉన్నదే బార్బియానా. దీనిని ఊరు అనడానికి కూడా వీల్లేదు. వీధి లేదు, అంగడి లేదు. ఒక చర్చి, ఫాదర్ గారి ఇల్లు, చిన్న శ్మశానం. మిగిలిన ఇళ్లన్నీ అడవిలో అక్కడొకటి, ఇక్కడొకటి.

కతోలికులు ఒక చర్చి పరిధిలోని ప్రాంతాన్ని విచారణ అంటారు. దానిని చూసుకునే ఫాదర్‌ను విచారణ గురువు అంటారు. 1954 నాటికి బార్బియానా విచారణలో ఉన్నది వంద మందికి కాస్త అటూ ఇటూ. అందరూ కొండ రైతులే. చాలామంది సాగు చేసే భూమి సొంతం కాదు. పండిన పంటలో సగం భూస్వామికి కొలిచి ఇచ్చే కౌలుదారులు వారు. రోడ్డు చర్చి వరకు వచ్చేది కాదు. కరెంటు లేదు, కుళాయి లేదు, పోస్టు లేదు. ఆ నేలను నమ్ముకొని బతకలేక ఒక్కో కుటుంబమే కొండ దిగి, లోయలోని ఫ్యాక్టరీల వైపు వెళ్లిపోతున్నది. ఇక ఆ విచారణను మూసివేద్దామని పెద్దలు అనుకుంటున్నారు.

అటువంటి చోటికి 1954 డిసెంబరులో 31 ఏళ్ల ఫాదర్ ఒకరు బదిలీ మీద వచ్చారు. ఆయన పేరు లొరెంజో మిలాని. ఇటలీలో ఫాదర్‌లను దొన్ అని గౌరవంగా పిలుస్తారు కాబట్టి దొన్ మిలానిగా ప్రసిద్ధులయ్యారు.

కలవారింటి బిడ్డ

మిలాని పేదవాడు కాదు. 1923 మే 27న ఫ్లోరెన్స్‌లో బాగా కలిగిన కుటుంబంలో పుట్టారు. తండ్రి రసాయన శాస్త్రం చదివినవారు. తల్లి యూదు కుటుంబం నుంచి వచ్చిన విద్యావంతురాలు. ముత్తాత దొమెనికో కొంపరెత్తి ప్రాచీన భాషల్లో పేరుమోసిన పండితుడు. ఇంట్లో భక్తి వాతావరణం లేదు గానీ పుస్తకాలకు, పండిత చర్చలకు కొదవ లేదు. 1930లో కుటుంబం మిలాన్ నగరానికి మారింది. హైస్కూలు చదువు అయ్యాక లొరెంజో యూనివర్సిటీకి వెళ్లనని చెప్పి చిత్రకళ నేర్చుకోవడానికి వెళ్లారు.

రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో, 1943లో, 20 ఏళ్ల వయసులో ఆయన మనసు దైవం వైపు తిరిగింది. అదే సంవత్సరం ఫ్లోరెన్స్‌లోని సెమినరీలో చేరారు. 1947 జూలై 13న గురువుగా అభిషేకం పొందారు. ఆస్తిని, సుఖాన్ని వదిలి వచ్చిన ఆయన ఒక విషయం మాత్రం మరచిపోలేదు. డబ్బు కంటే విలువైన ఆస్తి ఒకటి తనకు పుట్టుకతోనే దక్కింది. అది భాష. ఎవరి ముందైనా తొణక్కుండా మాట్లాడగల శక్తి, ఏ పుస్తకమైనా తెరచి అర్థం చేసుకోగల శక్తి. ఈ ఆస్తిని పేదవారికి ఎలా పంచాలన్నదే ఆయన తర్వాతి జీవితమంతా.

కలెంజానోలో రాత్రి బడి

1947 అక్టోబరులో ఆయనను ఫ్లోరెన్స్ సమీపంలోని కలెంజానోలో, సాన్ దొనాతో విచారణకు సహాయ గురువుగా పంపారు. అది బట్టల మిల్లుల ప్రాంతం. యువకులు కొందరు మిల్లుల్లో, కొందరు పొలాల్లో పని చేసేవారు. ఆదివారం పూజకు వచ్చేవారు, ప్రసంగం వినేవారు. కానీ ఫాదర్ చెప్పిన మాటల్లో సగం వారికి అర్థం కావడం లేదని మిలాని గ్రహించారు. వారికి తెలివి లేక కాదు. ఆ మాటలు వారి ఇళ్లలో ఎన్నడూ వినబడలేదు, అంతే. మాటే తెలియని మనిషికి దేవుని గురించి గానీ, కూలి రేటు గురించి గానీ ఏం చెప్పినా లాభం లేదని ఆయనకు అనిపించింది. ముందు బడి పెట్టాలి అనుకున్నారు.

అలా సాయంత్రం బడి మొదలైంది. ఆ రోజుల్లో ఇటలీ రెండుగా చీలి ఉంది. ఒకవైపు చర్చి మద్దతు ఉన్న క్రైస్తవ ప్రజాస్వామ్య పార్టీ, మరోవైపు కమ్యూనిస్టులు. 1949లో వాటికన్ కమ్యూనిస్టులను మతం నుంచి బహిష్కరిస్తూ ఉత్తర్వు కూడా ఇచ్చింది. అటువంటి కాలంలో మిలాని తన బడికి ఇరుపక్షాల యువకులనూ పిలిచారు. ఇది ఒక మతం వారి బడి అని ఎవరూ అనుకోకూడదని తరగతి గోడ మీది సిలువను తానే తీసివేశారు. ఒక ఫాదర్ ఆ పని చేయడం ఆనాడు చిన్న సాహసం కాదు. విశ్వాసాన్ని తగ్గించుకోవడానికి ఆయన ఆ పని చేయలేదు. చదువు దగ్గర ఎవరూ సంకోచంతో గుమ్మం బయట ఆగిపోకూడదు, అంతే.

కానీ చుట్టుపక్కల చాలామందికి ఇది నచ్చలేదు. ఎన్నికలలో ఫలానా పార్టీకే ఓటు వేయమని కళ్లు మూసుకొని చెప్పడానికి కూడా ఆయన ఒప్పుకోలేదు. ఫిర్యాదులు వెళ్లాయి. ఆయనకు అండగా నిలిచిన వృద్ధ విచారణ గురువు దనియేలే పూజి 1954లో మరణించారు. ఆ వెంటనే మిలానిని బార్బియానాకు పంపారు. అది శిక్ష అని అందరికీ అర్థమైంది. కానీ బార్బియానాకు చేరిన వెంటనే ఆయన చేసిన మొదటి పనులలో ఒకటి ఏమిటంటే, ఆ కొండ మీది శ్మశానంలో తన సమాధికి స్థలం కొనుక్కోవడం. అంటే నేను ఇక్కడికి కొన్నాళ్లు ఉండి పోవడానికి రాలేదు, మీలో ఒకడిగా ఉండిపోవడానికి వచ్చాను అని మాటలు లేకుండానే చెప్పారు.

బడి ఎలా నడిచేది

బార్బియానా పిల్లలకు ఐదవ తరగతితో చదువు ముగిసేది. ఆపై చదవాలంటే లోయలోకి దిగాలి. దిగినవారు కూడా తొందరగా తప్పి, తిరిగి ఆవుల వెంట వెళ్లేవారు. మిలాని మొదట యువకులకు రాత్రి బడి పెట్టారు. 1956లో ఐదవ తరగతి అయిపోయిన ఆరుగురు అబ్బాయిలతో పగటి బడి ప్రారంభించారు. తర్వాత చుట్టుపక్కల కొండల నుంచి, లోయలోని ప్రభుత్వ బడుల్లో తప్పినవారు కూడా రాసాగారు. కొందరు అడవి దారిలో చాలా దూరం నడిచి వచ్చేవారు. వారిలో కొందరిని వీడికి చదువు రాదని పాత బడులు తేల్చేశాయి.

సెలవులు లేవు. ఏడాదికి 365 రోజులూ బడే, ఆదివారాలతో సహా. ఉదయం మొదలై రాత్రి చీకటి పడే వరకు, రోజుకు పన్నెండు గంటల దాకా. ఇది వింటే మనకు గుండె గుభేల్‌మంటుంది. కానీ ఆ పిల్లలకు బడి లేకపోతే ఉన్నది ఆటలు కాదు, కొట్టంలో పేడ ఎత్తే పని. దానితో పోలిస్తే బడే పండుగ. వేసవి సెలవుల్లో ధనికుల పిల్లలు ఇంట్లో పుస్తకాలు, ప్రయాణాలతో ఇంకా నేర్చుకుంటారు, పేద పిల్లలు నేర్చుకున్నది కూడా మరచిపోతారు కనుక సెలవు పేదవాడికి నష్టమే అన్నది ఆ బడి లెక్క.

మార్కులు లేవు, ర్యాంకులు లేవు, తప్పించడం లేదు. అందరికంటే వెనకబడిన పిల్లవాడే ఆ బడిలో అందరికంటే ముఖ్యుడు. వాడికి అర్థమయ్యే వరకు పాఠం ముందుకు కదలదు. మిగిలినవారు ఆగవలసిందే. ఆగి ఊరికే కూర్చోవడం కాదు, వాడికి చెప్పవలసిందే.

పెద్ద పిల్లలు చిన్నవారికి పాఠం చెప్పడం ఆ బడికి వెన్నెముక. పదమూడు, పద్నాలుగేళ్ల వాడు తనకంటే చిన్నవారికి లెక్కలు, భూగోళం, ఫ్రెంచి చెప్పేవాడు. ఇది మన నేలకు కొత్త కాదు. మన వీధిబడుల్లో ఇసుకలో అక్షరాలు దిద్దిస్తూ పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పే పద్ధతి పూర్వం నుంచే ఉంది. 18వ శతాబ్దం చివరలో మద్రాసులో దానిని చూసిన ఆండ్రూ బెల్ అనే ఆంగ్లేయుల మతగురువు తాను నడిపిన అనాథ బాలుర పాఠశాలలో అమలు చేసి, 1797లో ఇంగ్లండులో దాని గురించి పుస్తకం అచ్చు వేయించారు. అక్కడ అది మద్రాసు పద్ధతి అనే పేరుతోనే వ్యాపించింది. అయితే బెల్ పద్ధతి ముఖ్యంగా తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి చెప్పడానికి ఉపయోగపడింది. బార్బియానాలో ఉద్దేశం వేరు. నేర్చుకున్నది నీ ఒక్కడి సొత్తు కాదు, నీ వెనక వచ్చేవాడికి నువ్వు బాకీ ఉన్నావు అని తెలియజేయడానికి.

ప్రతిరోజూ దినపత్రికను అందరూ కలిసి చదివేవారు. ఒక్కో మాట దగ్గర ఆగేవారు. సమ్మె అంటే ఏమిటి, ఆ దేశం ఎక్కడ ఉంది, ఈ వార్త వల్ల ఎవరికి లాభం అని అడుగుతూ పోయేవారు. పటాలు, గ్రాఫులు, బల్లలు, కుర్చీలు తామే తయారు చేసుకునేవారు. వడ్రంగం, ఇనుప పని నేర్చుకునేవారు. కొండ పిల్లలకు నీళ్లంటే భయం. ఆ భయం పోగొట్టడానికి చర్చి పక్కనే తమ చేతులతో చిన్న ఈత కొలను తవ్వుకున్నారు. అతిథి ఎవరు వచ్చినా సరే, ఆచార్యుడైనా, కార్మిక నాయకుడైనా, పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పవలసిందే. పరదేశపు భాషలు గ్రామఫోను రికార్డుల ద్వారా నేర్చుకొని, కొంచెం పెద్దయ్యాక వేసవిలో ఇంగ్లండు, జర్మనీ, ఫ్రాన్సు దేశాలకు వెళ్లి, కూలి పని చేసుకుంటూ ఆ భాషలో మాట్లాడి వచ్చేవారు. పక్క ఊరు కూడా చూడని కొండ పిల్లలు!

బడి గది గోడ మీద పెద్ద అక్షరాలతో రెండు ఇంగ్లీషు మాటలు ఉండేవి: ఐ కేర్. మన మాటల్లో చెప్పాలంటే నాకు పట్టింది, ఇది నా బాధ్యత అని. ముస్సోలినీ కాలంలో ఫాసిస్టులు గర్వంగా చెప్పుకున్న నినాదానికి అర్థం నాకేం పట్టింది అని. ఆ మాటకు సరిగ్గా ఎదురుమాటగా మిలాని దీనిని ఎంచుకున్నారు. నాకెందుకులే అనుకునే మనిషిని తయారు చేయకపోవడమే ఆ బడి లక్ష్యం.

మాట వస్తే మనిషి లేస్తాడు

పేదవాడికి, ధనికుడికి మధ్య ఉన్న అడ్డుగోడ డబ్బు మాత్రమే కాదు, భాష కూడా అని మిలాని గట్టిగా నమ్మారు. యజమానికి తెలిసిన మాటలు వెయ్యి, కూలివానికి తెలిసినవి రెండు మూడు వందలు అయినంతకాలం వాడు యజమాని ముందు తల దించుకునే ఉంటాడని ఆయన వాదన. ఆఫీసుకు వెళ్లి దరఖాస్తు రాయలేనివాడు, కోర్టు కాగితం చదువుకోలేనివాడు, మీటింగులో లేచి తన మాట చెప్పలేనివాడు ఎంత కష్టపడినా మోసపోతూనే ఉంటాడు.

మన తల్లిదండ్రులలో ఎంతమంది ఎం.ఆర్.ఒ. ఆఫీసులో, బ్యాంకులో, ఆస్పత్రిలో ఒక కాగితం చేత్తో పట్టుకొని, ఎవరైనా చదివి పెడతారా అని ఎదురు చూశారో తలచుకుంటే ఈ మాట ఎంత నిజమో మనకు వేరే చెప్పనక్కరలేదు. బోధించు, సమీకరించు, పోరాడు అన్న బాబాసాహెబ్ అంబేద్కర్ గారి పిలుపులో చదువు మొదట రావడానికి కారణం కూడా ఇదే.

టీచరమ్మకు ఉత్తరం

బార్బియానాలో చదివిన ఇద్దరు అబ్బాయిలు తాము కూడా ఉపాధ్యాయులు కావాలనుకున్నారు. ఫ్లోరెన్స్‌లో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలకు పరీక్ష రాశారు, తప్పారు. అది బార్బియానాకు దెబ్బ. వారు ఏడుస్తూ కూర్చోలేదు. ఎనిమిది మంది పిల్లలు కలిసి, తమను తప్పించిన టీచరమ్మకు ఉత్తరం రాయడం మొదలుపెట్టారు. అది 1966 వేసవి. రాయగా రాయగా అది పుస్తకం అయింది. 1967 మే నెలలో ఫ్లోరెన్స్‌లో అచ్చయింది. దాని పేరు ఒక టీచరమ్మకు ఉత్తరం. రచయిత పేరు ఉండవలసిన చోట బార్బియానా పాఠశాల అని మాత్రమే ఉంది.

ఆ పుస్తకంలో ఉన్నవన్నీ పిల్లలు కళ్లారా చూసినవే. ఫ్రెంచి పరీక్షలో ఒక అబ్బాయికి మంచి మార్కులు వచ్చాయి. ఫ్రాన్సుకు పోతే మరుగుదొడ్డి ఎక్కడని అడగడం కూడా వాడికి తెలియదు. వాడికి తెలిసింది మాత్రం గుడ్లగూబలకు, గులకరాళ్లకు ఏకవచనం, బహువచనం! వ్యాసరచన పరీక్షలో రైలు పెట్టెలు మాట్లాడుతున్నట్లు రాయమన్నారు. అవసరమైన విషయాన్ని, అవసరమైన వారికి, అనవసరమైన ఒక్క మాట లేకుండా రాయాలని నేర్చుకున్న వారికి ఇది వింతగా తోచింది. వ్యాయామ పరీక్షలో బంతి చేతికిచ్చి బాస్కెట్‌బాల్ ఆడమన్నారు. కొండ పిల్లలకు ఆ ఆట తెలియదు. ఆ పరీక్షాధికారి వారిని చులకనగా చూశాడు. కానీ వారు పెద్ద పెద్ద చెట్లెక్కి, కొమ్మలు నరికి, మంచులో ఇంటిదాకా ఈడ్చుకు రాగలరు. ఆ బలానికి మార్కులు లేవు.

ఉదాహరణలతో ఆగలేదు. ప్రభుత్వం ప్రచురించిన లెక్కలు తెప్పించుకున్నారు. బడి రిజిస్టర్లు వెతికారు. ఏ తరగతిలో ఎంతమంది తప్పారు, తప్పినవారి తండ్రులు ఏ పని చేస్తారు అని గ్రాఫులు గీశారు. తేలింది ఏమిటంటే తప్పేది రైతు కూలీల పిల్లలు, కార్మికుల పిల్లలు. డాక్టర్ల పిల్లలు, ఆఫీసర్ల పిల్లలు చాలా అరుదు. డాక్టరు గారి అబ్బాయి బడికి రాకముందే ఇంట్లో చదవడం, రాయడం నేర్చుకుని వస్తాడు. కూలివాని కొడుకు ఆ బడిలోనే మొదటిసారి అక్షరం చూస్తాడు. ఇద్దరికీ ఒకే కొలబద్ద పెట్టి కొలిస్తే పైకి న్యాయంలా కనిపించినా అసలుకు అన్యాయమే అని పిల్లల వాదన. రోగులను పంపించేసి ఆరోగ్యవంతులకు మాత్రమే వైద్యం చేసే ఆస్పత్రి ఎలా ఉంటుందో, వెనకబడినవారిని తప్పించే బడి కూడా అలాగే ఉంటుందన్నారు. ఈ గణాంకాల పనికి ఇటలీ భౌతిక శాస్త్ర సంఘం బహుమతి ఇచ్చి గౌరవించింది.

నిందించి ఊరుకోకుండా మూడు సూచనలు కూడా చేశారు. ఒకటి, నిర్బంధ విద్య వయసులో ఎవరినీ తప్పించవద్దు. రెండు, చదువు రాదనిపించే వారికి రోజంతా బడి పెట్టండి. మూడు, శ్రద్ధ లేనివారికి ఎందుకు చదవాలో ఒక లక్ష్యం చూపించండి. వారు కొత్త హక్కులేమీ కోరలేదు. 1948లో అమలులోకి వచ్చిన ఇటలీ రాజ్యాంగం కనీసం ఎనిమిదేళ్ల చదువు నిర్బంధం, ఉచితం అని 34వ అధికరణలో చెప్పింది. సమానత్వానికి అడ్డుపడే ఆర్థిక, సాంఘిక ఆటంకాలను తొలగించడం ప్రభుత్వం బాధ్యత అని 3వ అధికరణ చెప్పింది. 1962 చివరలో వచ్చిన చట్టం 14 ఏళ్ల వరకు అందరికీ ఒకే మిడిల్ స్కూల్ ఏర్పాటు చేసింది. కాగితం మీద ఉన్నదానిని అమలు చేయమని మాత్రమే పిల్లలు అడిగారు.

మన దేశంలో కూడా ఈ చర్చ నడుస్తూనే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదవ తరగతి పూర్తయ్యే వరకు ఎవరినీ తప్పించకూడదని చెప్పింది. 2019లో సవరణ చేసి 5, 8 తరగతులలో తప్పించే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చారు. రెండువైపులా వాదనలు ఉన్నాయి. అయితే బార్బియానా పిల్లల మొదటి సూచనను తీసుకొని రెండవ సూచనను వదిలేస్తే ప్రయోజనం లేదు. తప్పించకుండా పైతరగతికి తోసేసి, చదువు మాత్రం చెప్పకపోతే అది కూడా పిల్లవాడిని పోగొట్టుకోవడమే.

పదిమంది కలిసి ఒకటి ఎలా రాశారు

ఎనిమిది మంది కలిసి ఒక పుస్తకం రాయడం ఎలా సాధ్యం? ఈ పద్ధతి వెనక ఇంకొక ఉపాధ్యాయుడు ఉన్నారు. ఆయన మారియో లోది, పియాదెనా ప్రాంతంలోని చిన్న ఊరి బడిపంతులు. 1963లో ఆయన బార్బియానాకు వచ్చినప్పుడు రెండు బడుల పిల్లలూ ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోవాలని అనుకున్నారు. ఆ ఉత్తరాన్ని అందరూ కలిసి రాయడంతో ఈ పద్ధతి రూపుదిద్దుకుంది.

ప్రతి ఒక్కరి జేబులో చిన్న చీటీల కట్ట ఉంటుంది. ఆలోచన వచ్చినప్పుడల్లా ఒక చీటీ మీద ఒకే ఒక ఆలోచన, ఒకవైపే రాయాలి. కొన్నాళ్ల తర్వాత చీటీలన్నీ పెద్ద బల్ల మీద పరచాలి. ఒకే మాట రెండుసార్లు వస్తే ఒకటి తీసేయాలి. ఒకే విషయానికి సంబంధించినవి ఒక కుప్ప చేయాలి. ప్రతి కుప్పకు ఒక పేరు పెట్టాలి. పేరు కుదరకపోతే అందులో విషయం లేదని అర్థం, లేదా రెండు విషయాలు కలిసిపోయాయని అర్థం. తర్వాత వరుస పెట్టాలి, రాయాలి. ఆపై అందరూ కలిసి కోత మొదలుపెట్టాలి. అనవసర విశేషణం, కష్టమైన మాట, నిజం కానిది, మరీ పొడుగు వాక్యం, అన్నీ పోవాలి. చివరగా పెద్ద చదువు లేని మనిషిని పిలిచి చదివి వినిపించాలి. ఆయనకు ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ తిరిగి రాయాలి. అర్థమయ్యేలా రాయమనే సలహా తీసుకోవాలి, భయపడి మెత్తగా రాయమనే సలహా మాత్రం తీసుకోకూడదు.

మనస్సాక్షి కోసం కోర్టుకు

1965 ఫిబ్రవరిలో టస్కనీ ప్రాంతపు మాజీ సైనిక ఫాదర్లు కొందరు ఒక ప్రకటన చేశారు. యుద్ధంలో మనుషులను చంపడానికి మనస్సాక్షి ఒప్పుకోక సైన్యంలో చేరమన్న యువకులను పిరికివారని అందులో అన్నారు. ఆ యువకులు అప్పటికి జైళ్లలో ఉన్నారు. పత్రికలో ఆ వార్త చదివిన బార్బియానా బడి ఊరుకోలేదు. ఇటలీ చరిత్రలో జరిగిన యుద్ధాలన్నీ వరుసగా పరిశీలించి మిలాని బహిరంగ లేఖ రాశారు. ఆయన మీద కేసు పెట్టారు.

అప్పటికే మిలాని రక్తానికి సంబంధించిన క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. రోమ్‌కు వెళ్లి బోనులో నిలబడే ఓపిక లేదు. 1965 అక్టోబరులో న్యాయమూర్తులకు ఉత్తరం పంపారు. తాను ఒక ఉపాధ్యాయుడినని, అన్యాయం కనిపించినప్పుడు పిల్లల ముందు మౌనంగా ఉంటే తన బడికే అర్థం ఉండదని అందులో వివరించారు. చట్టాన్ని గౌరవించాలి, అది బలహీనులను కాపాడినంతవరకు. అది అన్యాయమైతే మార్చడానికి పోరాడాలి, అందుకు వచ్చే శిక్షను కూడా భరించాలి అన్నది ఆయన పాఠం. గాంధీజీ మార్గం ఎరిగిన మనకు ఈ మాట పరాయిది కాదు. 1966 ఫిబ్రవరి 15న కోర్టు నిర్దోషి అని తీర్పు చెప్పింది. ప్రభుత్వ న్యాయవాది అప్పీలుకు వెళ్లారు. అప్పీలు తీర్పు వచ్చేనాటికి ఆయన లేరు. మనస్సాక్షి కారణంగా సైనిక సేవను నిరాకరించే హక్కును ఇటలీ 1972లో చట్టం చేసి ఒప్పుకుంది.

చివరి రోజులు, తర్వాతి కాలం

పుస్తకం వెలువడిన నెల రోజులకే, 1967 జూన్ 26న, 44 ఏళ్ల వయసులో మిలాని ఫ్లోరెన్స్‌లో తల్లి గారి ఇంట్లో మరణించారు. తాను కొనుక్కున్న బార్బియానా శ్మశానంలోనే, గురువు వస్త్రాలతో, కాళ్లకు కొండ ఎక్కే బూట్లతో ఆయనను సమాధి చేశారు. ఆయన తర్వాత బడి ఎక్కువ కాలం నిలవలేదు.

పుస్తకం మాత్రం ఇటలీ అంతటా మంట రాజేసింది. 1968 విద్యార్థి ఉద్యమంలో అది చేతి పుస్తకమైంది. ఎన్నో భాషల్లోకి వెళ్లింది. మిలాని ఇంట్లోనే పెరిగిన మికెలే జెసువాల్ది తర్వాత ఫ్లోరెన్స్ జిల్లా పాలకమండలి అధ్యక్షులయ్యారు. కొండ మీద నేర్చుకున్న మరికొందరు కార్మిక సంఘాల్లో పని చేశారు. 1958లో మిలాని రాసిన తొలి పుస్తకాన్ని అప్పట్లో వాటికన్ అమ్మకం నుంచి తీయించింది. 2014లో ఆ ఆంక్షను తొలగించారు. 2017 జూన్ 20న పోప్ ఫ్రాన్సిస్ స్వయంగా బార్బియానా వెళ్లి ఆయన సమాధి వద్ద ప్రార్థించారు. శిక్షగా పంపిన చోటికే, ఆయన మరణించిన యాభై ఏళ్లకు పోప్ వెళ్లడం చరిత్రలో అరుదు. 2023లో మిలాని శతజయంతి నాడు ఇటలీ రాష్ట్రపతి కూడా ఆ కొండ ఎక్కారు. ఇప్పుడు బార్బియానాకు నడిచి వెళ్లే కాలిబాట పొడవునా రాజ్యాంగ అధికరణలను వివరించే పలకలు నాటి ఉన్నాయి.

ఆ బడిలో లోపాలు లేవని కాదు. మిలాని చాలా కఠినుడు. ఆటలు, వినోదం అంటే కాలం వృథా అనేవారు. మనం అంతదాకా పోనక్కరలేదు. ఆడపిల్లలు ఆ బడికి చాలా తక్కువగా వచ్చారు. కొండ రైతులు ఆడపిల్లలకు చదువు ఎందుకనుకునేవారు. మన దేశంలో 1848లోనే పూణేలో జోతిరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులు ఆడపిల్లలకు బడి తెరిచారని గుర్తు చేసుకుంటే ఈ విషయంలో మనకే పెద్ద వారసత్వం ఉంది. పైగా ఒకే మనిషి మీద ఆధారపడిన బడి ఆ మనిషితోనే ఆగిపోయింది. ఇది కూడా మనం నేర్చుకోవలసిన పాఠమే. మంచి పని ఒక్కరి భుజాల మీద కాక పదిమంది చేతుల్లో ఉంటేనే నిలుస్తుంది.

మనకు దక్కేది

సోదరులారా! మన హాస్టల్ కూడా ఒక చిన్న బార్బియానా కాగలదు. అందుకు నిధులు రానక్కరలేదు, జీవో రానక్కరలేదు. మూడు పనులు చాలు.

సాయంత్రం స్టడీ అవర్‌లో పదవ తరగతి వారు ఒక్కొక్కరు ఏడవ తరగతి తమ్ముడు ఒకరిని దత్తత తీసుకోండి. రోజుకు అరగంట చాలు. చెప్పేవాడికే పాఠం బాగా వస్తుందని మన పెద్దలు ఊరికే అనలేదు. రెండవది, హాస్టల్‌కు వచ్చే దినపత్రికను సినిమా పేజీ, క్రికెట్ పేజీ దగ్గర ఆపకుండా రోజుకు ఒక వార్తనైనా పదిమందీ కూర్చొని గట్టిగా చదవండి. తెలియని మాట దగ్గర ఆగండి, అడగండి. మూడవది, వచ్చే ఏడాది సంచికకు పై చీటీల పద్ధతిలో ఒక తరగతి మొత్తం కలిసి ఒక వ్యాసం రాయండి. దానిని మన వంటమనిషి గారికో, వాచ్‌మన్ గారికో ముందు చదివి వినిపించండి.

పూర్వ విద్యార్థులకు కూడా ఒక మనవి. సెలవులకు ఇంటికి వెళ్లి, తిరిగి రాని కుర్రవాడు ప్రతి హాస్టల్‌లోనూ ఉంటాడు. ఇటుక బట్టీలోనో, పత్తి చేనులోనో, ఏదో షాపులోనో ఉండి ఉంటాడు. వార్డెన్ గారి దగ్గర పేరు, ఊరు తీసుకొని ఒక్కసారి ఆ ఇంటికి వెళ్లి రండి. వాడు ఎందుకు రాలేదో అడగండి. బూట్లు లేకనా, బస్సు చార్జీ లేకనా, ఇంగ్లీషు అంటే భయం వేసా? కారణం తెలిస్తే సగం దారి దొరికినట్లే.

ఎన్ని ర్యాంకులు వచ్చాయని కాకుండా, చేరినవారిలో ఎంతమంది చివరిదాకా మిగిలారని లెక్క చూసుకున్న బడి బార్బియానా. ఈ సంవత్సరం మన రిజిస్టరులో జూన్ నెల పేర్లనూ, ఈరోజు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూసుకుందాం. తగ్గిన పేరు ఒక్కటి ఉన్నా, రేపటి పని అక్కడి నుంచే మొదలుపెడదాం.